ఊరు పోయినా పుస్తకం పోలేదు
యూదుల చరిత్రలో కొన్ని ఘట్టాలు

అబ్రాహాము, మోషే, దావీదు. ఈ పేర్లు మన ఊళ్లలో చాలామంది విన్నారు. చర్చికి పోయే వాళ్లకు బాగా తెలుసు. మసీదుకు పోయే వాళ్లకూ తెలుసు. వాళ్లు ఇబ్రాహీం, మూసా, దావూద్ అంటారు. ఈ పేర్లన్నీ యూదుల పాత గ్రంథంలోవి. ఏసు కూడా యూదుల ఇంటనే పుట్టాడు.

యూదులు ఎంతమంది? ప్రపంచం మొత్తం మీద కోటిన్నర చిల్లర. ఒక్క తెలంగాణ జనంలో సగం కూడా ఉండరు. అయినా వాళ్ల చరిత్ర మూడు వేల ఏళ్ల నాటిది. అందులో దాదాపు పందొమ్మిది వందల ఏళ్లు వాళ్లకు సొంత రాజ్యం లేదు. ఒక చోట తరిమితే ఇంకో చోటికి పోయారు. భూమి లేదు. సైన్యం లేదు. ఒక దేశం యూదుల ఇంటి మాట ఇంకో దేశం యూదులకు అర్థం కాదు. మరి ఒక్క జనంగా ఎలా నిలిచారు? ఎక్కడ ఉన్నా అందరూ ఒకే పుస్తకం చదివారు. దానితో నిలిచారు.

'అందరూ' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఆ అందరిలో ఆడవాళ్లు ఉన్నారా? ఆ సంగతి కూడా చూద్దాం.

గుడి కూలిన రోజు

యూదుల పెద్ద ఊరు యెరూషలేము. అక్కడ వాళ్లకు ఒకే ఒక గుడి ఉండేది. సొలొమోను రాజు కట్టించాడని చెబుతారు. ఏసు పుట్టక ముందు 586వ సంవత్సరంలో బబులోను రాజు నెబుకద్నెజరు ఆ ఊరి మీద పడ్డాడు. ఏసు పుట్టక ముందు అనే మాటను పొట్టిగా క్రీ.పూ. అని రాస్తారు. క్రీ.పూ. 586లో గుడి తగలబడింది. జనాన్ని బందీలుగా బబులోనుకు నడిపించుకుపోయారు. బబులోను అంటే ఇప్పటి ఇరాక్ దేశంలో ఉన్న చోటు.

గుడి లేదు. బలులు ఇవ్వడానికి చోటు లేదు. వాళ్ల దగ్గర మిగిలింది పెద్దలు చెప్పిన మాటలు, రాసి పెట్టుకున్న చుట్టలు. ఆ రోజుల్లో పుస్తకం అంటే మన పుస్తకంలా ఉండదు. తోలు మీద రాసి చాపలా చుట్టి పెట్టేవాళ్లు.

క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు వాళ్లను తిరిగి పోనిచ్చాడు. కొందరు పోయి గుడి మళ్లీ కట్టారు. ఆ తర్వాత ఒక రోజు జరిగిన సంగతి బైబిల్లో నెహెమ్యా గ్రంథంలో ఉంది. ఎజ్రా అనే శాస్త్రి ఊరి గుమ్మం దగ్గర చెక్క మంచె మీద నిలబడ్డాడు. ధర్మశాస్త్రం చుట్ట విప్పాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గట్టిగా చదివాడు. అర్థం కాని చోట పక్కనున్న వాళ్లు విడమరచి చెప్పారు. జనం విని ఏడ్చారు. ఆ గుంపులో మగవాళ్లూ ఆడవాళ్లూ ఉన్నారని ఆ గ్రంథమే చెబుతుంది. ఇది గుర్తు పెట్టుకోదగ్గ మాట. మొదట్లో ఆ చదువు గుమ్మం దగ్గర, అందరి ముందు జరిగింది.

బడి ఇమ్మని అడిగిన గురువు

క్రీ.శ. 70లో రెండో గుడి కూడా పోయింది. ఈసారి రోమన్లు కూల్చారు. వాళ్ల సేనాపతి పేరు తీతు. గుడిలోని ఏడు కొమ్మల బంగారు దీపస్తంభాన్ని మోసుకుపోయారు. సైనికులు దాన్ని భుజాన మోస్తున్న బొమ్మ రోము నగరంలో ఒక రాతి తోరణం మీద చెక్కి ఉంది. ఇప్పటికీ కనిపిస్తుంది.

అప్పటి కథ ఒకటి యూదులు తరతరాలుగా చెప్పుకుంటారు. ఊరు ముట్టడిలో ఉంది. లోపల ఆకలి. యోహానాన్ బెన్ జక్కాయి అనే ముసలి గురువు చచ్చిపోయినట్టు పడుకున్నాడు. శిష్యులు ఆయన్ని శవపేటికలో పెట్టి ఊరి బయటికి మోసుకొచ్చారు. ఆయన రోమన్ సేనాపతి దగ్గరికి పోయాడు. ఏం కావాలో కోరుకోమంటే యబ్నె అనే చిన్న ఊళ్లో గురువులు చదువు చెప్పుకునే చోటు వదిలిపెట్టమన్నాడు. ఊరు దక్కదని ఆయనకు తెలుసు. బడి దక్కించుకున్నాడు.

అప్పటి నుంచి బలుల బదులు ప్రార్థన వచ్చింది. పూజారి బదులు గురువు వచ్చాడు. గురువును వాళ్లు రబ్బీ అంటారు. ఊరూరా ప్రార్థన మందిరం, దాని పక్కన బడి. ఆరేడు ఏళ్ల మగపిల్లలను బడికి పంపాలని నియమం పెట్టారు. ఇరవై అయిదు మంది పిల్లలకు ఒక పంతులు. పిల్లలు నలభై మంది అయితే పంతులుకు ఒక సహాయకుడు. యాభై మంది అయితే ఇద్దరు పంతుళ్లు. ఈ లెక్క వాళ్ల తాల్మూదు గ్రంథంలో రాసి ఉంది. అది పదిహేను వందల ఏళ్ల నాటి గ్రంథం. ఇవాళ్టికీ మన ఊరి బడుల్లో ఈ లెక్క కుదరడం లేదు.

మగపిల్లలు అన్నారు చూశారా? ఆడపిల్లల సంగతి ఏమిటి? దాని మీద ఆ గురువుల్లోనే గొడవ పడింది. కూతురికి శాస్త్రం నేర్పడం తండ్రి బాధ్యత అని బెన్ అజ్జాయి అన్నాడు. కూతురికి శాస్త్రం నేర్పితే చెడు నేర్పినట్టే అని ఎలియెజెరు అన్నాడు. చాలా కాలం రెండో ఆయన మాటే చెల్లింది. ఆడది ఇల్లు చూసుకోవాలి, పండగ పనులు చేయాలి, దీపం పెట్టాలి. పుస్తకం మగవాడిది. ఇటువంటి మాట మనకు కొత్త కాదు.

తేనె పూసిన పలక

యూదుల పాత భాష హీబ్రూ. దానికి అక్షరాలు 22. మన యాభై ఆరుతో పోల్చితే ఎంత తక్కువో చూడండి. కుడి వైపు నుంచి ఎడమ వైపుకు రాస్తారు. ఉర్దూ రాసినట్టే.

మన దగ్గర పిల్లవాడి చేత బియ్యంలో ఓనమాలు దిద్దిస్తారు. ఐరోపాలో కొన్ని చోట్ల యూదులు పలక మీద అక్షరాలు రాసి, వాటి మీద తేనె పూసి, పిల్లవాణ్ణి నాకమనేవాళ్లు. చదువు తియ్యగా ఉంటుందని పిల్లవాడికి తెలియాలట.

ధర్మశాస్త్రం చుట్టను ఇప్పటికీ చేత్తోనే రాస్తారు. అందులో మూడు లక్షల పైచిలుకు అక్షరాలు ఉంటాయి. ఒక్క అక్షరం తప్పు పోయినా, చెరిగినా దిద్దేదాకా మందిరంలో చదవరు. వేలితో ముట్టుకోరు. చిన్న పుల్ల లాంటి దానితో గీతల వెంట పోతూ చదువుతారు. చుట్ట పాతబడి చిరిగితే పారేయరు. మనిషిని పూడ్చినట్టు స్మశానంలో పూడుస్తారు.

దేవుడి పేరు ఉన్న కాగితం పారేయకూడదని వాళ్ల నమ్మకం. అందుకని పాత కాగితాలు మందిరంలో ఒక గదిలో పడేసేవాళ్లు. ఈజిప్టు దేశంలో పాత కైరో పేటలో అటువంటి గది ఒకటి ఉంది. అందులో దాదాపు వెయ్యి ఏళ్ల కాగితాలు పోగుపడ్డాయి. 1896లో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఈజిప్టు వైపు పోయి పాత కాగితాలు కొన్ని కొనుక్కొచ్చారు. వాళ్ల పేర్లు ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్. కవల పిల్లలు. వాళ్లు తెచ్చిన కాగితం చూసి షెక్టర్ అనే పండితుడు కైరో పోయాడు. ఆ గదిలో మూడు లక్షలకు పైగా కాగితపు ముక్కలు ఉన్నట్టు తర్వాత తేలింది.

అందులో దేవుడి మాటలే లేవు. పెళ్లి ఒప్పందాలు ఉన్నాయి. అప్పు పత్రాలు ఉన్నాయి. పిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలు ఉన్నాయి. మన దేశంతో జరిగిన వ్యాపారం ఉత్తరాలు ఉన్నాయి. అబ్రహాం బెన్ యీజు అనే యూదు వర్తకుడు దూరదేశం నుంచి వచ్చి మంగళూరులో పదిహేనేళ్లకు పైగా ఉన్నాడు. ఇది 1132 తర్వాతి మాట. మిరియాలు, ఇనుము, వక్కలు ఓడల్లో పంపేవాడు. ఆషూ అనే మన దేశపు ఆమెతో కాపురం చేశాడు. ఆ లెక్కలన్నీ ఆ గదిలోనే దొరికాయి.

ఆ గదిలో ఒక తల్లి ఉత్తరం కూడా ఉంది. ఆమె జబ్బు పడింది. ఇక బతకనని తెలుసుకుంది. తన అక్కచెల్లెళ్లలో ఒకామెకు ఉత్తరం పంపింది. తన చిన్న కూతురికి చదువు చెప్పించమని బతిమాలింది. మన దగ్గర డబ్బు లేదని తనకు తెలుసని, తాను అడగరానిది అడుగుతున్నానని కూడా అన్నది. అయినా మన అమ్మను చూడు, అమ్మ ఎలా బతికిందో గుర్తు చేసుకో అని చెప్పింది. ఆ పాప చదువుకున్నదా లేదా? ఆ సంగతి చెప్పే కాగితం దొరకలేదు.

మన దేశంలో యూదులు

మంగళూరుకు దక్షిణంగా కేరళ తీరం వెంట పోతే కొడుంగల్లూరు వస్తుంది. యూదులు అక్కడికి చాలా పాతకాలంలోనే వచ్చారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో భాస్కర రవివర్మ రాజు జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు రాగి రేకుల మీద శాసనం రాయించి ఇచ్చాడు. 72 హక్కులు ఇచ్చాడు. పల్లకీ ఎక్కవచ్చు. గొడుగు పట్టించుకోవచ్చు. సుంకం కట్టనక్కర లేదు. ఆ రోజుల్లో ఇవి పెద్దకులాల వాళ్లకు తప్ప దొరికేవి కావు. తర్వాత వాళ్లు కొచ్చికి చేరారు. 1568లో మట్టంచేరిలో రాజుగారి కోట పక్కనే ప్రార్థన మందిరం కట్టుకున్నారు. యూదులను వాళ్ల మతం కారణంగా తరమని దేశాల్లో మన దేశం ఒకటి.

కొచ్చి యూదు ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్లలో ఆడపిల్లలకూ హీబ్రూ చదవడం నేర్పేవాళ్లు. ఇంట్లో మాట మలయాళం. ఆ మలయాళంలో పెళ్లి పాటలు, పండగ పాటలు, మోషే కథలు పాడేవాళ్లు. ఆ పాటలు నోటు పుస్తకాల్లో చేత్తో రాసుకునేవాళ్లు. తల్లి పుస్తకం చూసి కూతురు ఎక్కించుకునేది. కూతురి పుస్తకం మనవరాలు ఎక్కించుకునేది. అచ్చు వేయలేదు. అయినా రెండు వందలకు పైగా పాటలు ఇలా మిగిలాయి. 1950ల్లో ఆ జనం చాలావరకు ఇజ్రాయెల్ దేశానికి వెళ్లిపోయారు. పాటల పుస్తకాలు వెంట పట్టుకుపోయారు.

మన తెలుగు వాళ్లలోనూ తాము యూదులమనే వాళ్లున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు తమది ఎఫ్రాయిము గోత్రమని చెప్పుకుంటారు. 1991లో ప్రార్థన మందిరం పెట్టుకున్నారు. హీబ్రూ అక్షరాలు నేర్చుకున్నారు.

నింద, తరిమివేత

ఐరోపాలో మాత్రం యూదుల బతుకు కష్టంగా ఉండేది. ఏసును చంపింది వీళ్లేనని నింద వేసేవాళ్లు. చాలా చోట్ల భూమి కొననిచ్చేవాళ్లు కారు. చేతిపనుల సంఘాల్లో చేరనిచ్చేవాళ్లు కారు. వడ్డీకి అప్పు ఇవ్వడం, చిన్న వ్యాపారం చేయడం మిగిలాయి. తర్వాత వడ్డీ వ్యాపారులని తిట్టారు.

1347లో ఐరోపా మీద ప్లేగు జబ్బు పడింది. ఊళ్లకు ఊళ్లు చచ్చాయి. జబ్బు ఎందుకు వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు లేచింది. ఎన్నో ఊళ్లలో యూదులను కాల్చి చంపారు. అదే జబ్బుతో యూదులూ చస్తున్నారు. అది ఎవరికీ పట్టలేదు. మన పల్లెల్లో పిల్లవాడికి జ్వరం వస్తే ఒంటరి ముసలామె బాణామతి చేసిందని కొట్టిన వాళ్లున్నారు. ఆ పుకారు, ఈ పుకారు ఒకే గూటివి.

ఇంగ్లండు రాజు 1290లో యూదులను వెళ్లగొట్టాడు. ఫ్రాన్సు రాజు 1306లో వెళ్లగొట్టాడు. అన్నిటికన్నా పెద్దది స్పెయిన్ దేశంలో జరిగింది. 1492 మార్చి 31న రాజు ఫెర్డినాండు, రాణి ఇసబెల్లా ఉత్తరువు ఇచ్చారు. మతం మారండి, లేదా నాలుగు నెలల్లో దేశం వదలండి అన్నారు. బంగారం, వెండి, నాణేలు తీసుకుపోకూడదు అన్నారు. ఇల్లు ఇచ్చి గాడిదను కొన్నారని, ద్రాక్షతోట ఇచ్చి కాస్త గుడ్డ కొన్నారని ఆ కాలపు పాదిరి ఒకాయన రాశాడు. చాలామంది టర్కీ సుల్తాను రాజ్యానికి పోయారు. సుల్తాను రానిచ్చాడు. అలా పోయిన వాళ్లు మరుసటి ఏడే, 1493లో, ఇస్తాంబుల్ నగరంలో అచ్చు యంత్రం పెట్టి పుస్తకం వేశారు. ఇంకా ఇల్లు వాకిలి కుదిరిందో లేదో, పుస్తకం అచ్చువేశారు.

ఇంటి మాటలో వచ్చిన పుస్తకం

అచ్చు వచ్చాక ఆడవాళ్లకు ఒక దారి దొరికింది. ఐరోపా యూదుల ఇంటి మాట యిద్దిష్. అది జర్మన్ లాంటి భాష. హీబ్రూ అక్షరాల్లో రాస్తారు. హీబ్రూ శాస్త్రం అర్థం కాని వాళ్ల కోసం యాకోబు అనే పండితుడు యిద్దిష్‌లో ఒక పుస్తకం రాశాడు. దాని పేరు 'త్సెనా ఉరెనా'. బయటికి వచ్చి చూడండి అని ఆడవాళ్లను పిలవడం ఆ పేరుకు అర్థం. మోషే గ్రంథంలోని సంగతులు, కథలు, నీతులు కలిపి రాశాడు. ఇప్పుడు దొరికే వాటిలో అన్నిటికన్నా పాత ప్రతి 1622 నాటిది. తర్వాత రెండు వందల సార్లకు పైగా అచ్చయింది. యూదులకు శనివారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం ఆడవాళ్లు ఒకచోట కూర్చుని ఒకరు చదివితే మిగతా వాళ్లు వినేవాళ్లు.

ఇలా ఇంటి మాట చదవడం వచ్చిన ఆడవాళ్లలో ఒకామె కలం కూడా పట్టింది. ఆమె పేరు గ్లికెల్. జర్మనీలో హాంబర్గ్ ఊరు. 1646 ప్రాంతంలో పుట్టింది. పన్నెండో ఏట నిశ్చయతాంబూలాలు, పద్నాలుగో ఏట పెళ్లి. పద్నాలుగు మంది పిల్లలను కన్నది. పన్నెండు మంది పెరిగి పెద్దవాళ్లయ్యారు. భర్త చయిమ్ ముత్యాలు, నగల వ్యాపారి. ఏ బేరానికి పోయినా ముందు భార్యతో ఆలోచించేవాడు. 1689లో ఆయన పని మీద పోతూ పదునైన రాయి మీద పడ్డాడు. కొద్ది రోజులకే చనిపోయాడు.

ఇంట్లో ఇంకా ఎనిమిది మంది పిల్లలకు పెళ్లి కాలేదు. అప్పులున్నాయి. గ్లికెల్ లెక్కలు ముందు వేసుకుని కూర్చుంది. అప్పులు తీర్చింది. ముత్యాలు కొని అమ్మింది. మేజోళ్లు నేయించి అమ్మింది. పెద్ద పెద్ద సంతలకు పోయి బేరాలు చేసింది. పగలు పనితో గడిచేది. రాత్రి నిద్ర పట్టేది కాదు. దిగులు. అప్పుడు, 1691లో, రాయడం మొదలుపెట్టింది. దిగులు తీరడానికి, తమ పెద్దలు ఎవరో పిల్లలకు తెలియడానికి రాస్తున్నానని చెప్పుకుంది. ఏడు చిన్న పుస్తకాలు రాసింది. పురుళ్లు, పెళ్లిళ్లు, కట్నాలు, మోసపోయిన బేరాలు అన్నీ ఉన్నాయి అందులో.

ఆమె పిల్లలకు చెప్పిన కథ ఒకటి ఉంది. ఒక తండ్రి పక్షి గాలివానలో ముగ్గురు పిల్లలను ఒక్కొక్కరుగా సముద్రం దాటించబోయింది. నడి సముద్రంలో మొదటి పిల్లను అడిగింది. నేను ముసలిదాన్నయితే నువ్వు నన్ను ఇలా మోస్తావా అని. తప్పకుండా మోస్తానంది పిల్ల. అబద్ధమని సముద్రంలో వదిలేసింది. రెండో పిల్లా అదే చెప్పింది. దాన్నీ వదిలేసింది. మూడో పిల్ల వేరుగా చెప్పింది. మాట ఇవ్వలేను, కానీ నాకు పిల్లలు పుడితే వాళ్లను నువ్వు మోసినట్టే మోస్తానంది. దాన్ని ఒడ్డు చేర్చింది. పిల్లల మీద ఆశ పెట్టుకున్న తల్లి ఈ కథ రాయడం మామూలు సంగతి కాదు.

1700లో ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది. ముసలితనంలో పిల్లలకు బరువు కాకూడదని. ఆ రెండో భర్త రెండేళ్లలో దివాలా తీశాడు. ఆమె సొమ్ము కూడా పోయింది. చివరికి కూతురి ఇంట్లోనే ఉండి 1724లో కన్నుమూసింది. ఆ పుస్తకాలను కొడుకులు, మనవలు దాచుకున్నారు. 1896లో అచ్చయ్యాయి. ఆ కాలం యూదుల ఇళ్లలో ఏం తిన్నారు, ఎలా బతికారు అని తెలుసుకోవాలంటే ఇప్పుడు పండితులు ఆమె పుస్తకమే తీస్తారు.

బట్టలు కుట్టే ఆమె పెట్టిన బడి

పోలండు దేశంలో క్రాకో నగరం. అక్కడ సారా షెనిరెర్ అనే ఆమె బట్టలు కుట్టి బతికేది. 1883లో పుట్టింది. ఆమె కాలానికి మగపిల్లలు మతం బడికి పోయేవాళ్లు. ఆడపిల్లలు సర్కారు బడికి పోయేవాళ్లు. అంటే ఆడపిల్లలకు పోలండు భాష చదవడం వచ్చు. తమ శాస్త్రం మాత్రం రాదు. ఇంట్లో తండ్రి, అన్నలు దాని మీద వాదించుకుంటుంటే వీళ్లు బయట ఉండాలి.

1917లో సారా 25 మంది ఆడపిల్లలతో బడి పెట్టింది. శాస్త్రం నేర్పింది. పెద్దలు కొందరు గొణిగారు. పేరున్న గురువులు కొందరు మంచిదేనన్నారు. ఆడపిల్లలకు శాస్త్రం నేర్పితే చెడు అన్న పాత మాట పక్కకు పోయింది. 1935లో ఆమె చనిపోయే నాటికి అటువంటి బడులు రెండు వందలకు పైగా ఉన్నాయి.

పాల క్యాన్లలో దాచిన కాగితాలు

1933లో జర్మనీలో హిట్లరు అధికారానికి వచ్చాడు. ఆ ఏడు మే 10న వీధుల్లో కుప్పలు పోసి పుస్తకాలు కాల్చారు. తర్వాత మనుషులను కాల్చారు. 1945 దాకా, రెండో ప్రపంచ యుద్ధం ముగిసే లోపల, 60 లక్షల మంది యూదులను చంపారు. అందులో పిల్లలు దాదాపు 15 లక్షలు. పోలండులో 33 లక్షల మంది యూదులు ఉండేవాళ్లు. 30 లక్షల మంది పోయారు. సారా బడుల్లో చదివిన ఎందరో ఆడపిల్లలు పోయారు.

వార్సా నగరంలో ఒక పేట చుట్టూ గోడ కట్టి నాలుగు లక్షల మందికి పైగా యూదులను అందులో కుక్కారు. 1940 నవంబరులో గోడ మూశారు. తిండి లేదు. టైఫస్ జ్వరాలు. వీధుల్లో శవాలు. ఆ గోడ లోపల రింగెల్‌బ్లుమ్ అనే చరిత్ర పంతులు రహస్యంగా ఒక పని మొదలుపెట్టాడు. మమ్మల్ని చంపేవాళ్లే రేపు మా చరిత్ర రాస్తారు, అలా కాకూడదు, మేమే రాసుకోవాలి అని ఆయన ఆలోచన. పదుల మంది కలిశారు. ఎవరు చచ్చారు, రొట్టె ధర ఎంత, పిల్లలు ఏ ఆటలు ఆడుతున్నారు, అన్నీ రాశారు. రేషన్ చీటీలు, ట్రామ్ టికెట్లు, మిఠాయి కాగితాలు, పిల్లల బడి వ్యాసాలు కూడా పోగు చేశారు.

వాళ్లలో రాహెల్ అవర్‌బాఖ్ ఒకామె. ఆమె ఆ పేటలో పేదలకు గంజి పోసే వంటశాల నడిపేది. రోజూ గంజికి వచ్చే వాళ్ల గురించి రాసేది. గంజి పోస్తున్నా మనుషులు చచ్చిపోతున్నారని, ఆ గంజి చావును ఆపడం లేదని కూడా దాచకుండా రాసింది.

1942 జులై 22న జనాన్ని రైళ్లలో చావు శిబిరానికి పంపడం మొదలైంది. రెండు నెలల్లో రెండున్నర లక్షలకు పైగా పోయారు. ఆగస్టులో ఆ కాగితాలను పది రేకు పెట్టెల్లో పెట్టి ఒక బడి కింద పూడ్చారు. తర్వాత మరికొన్ని రెండు పెద్ద పాల క్యాన్లలో పెట్టి అక్కడే పూడ్చారు. రింగెల్‌బ్లుమ్‌ను 1944లో చంపేశారు. ఆ బృందంలో ముగ్గురే బతికి బట్టకట్టారు. వాళ్లలో రాహెల్ ఒకామె.

యుద్ధం అయ్యాక వార్సా పేట అంతా ఇటుకల గుట్ట. ఆ శిథిలాల కింద మా కాగితాలున్నాయి, తవ్వండి అని రాహెల్ వెంటపడింది. 1946 సెప్టెంబరులో పది పెట్టెలు దొరికాయి. 1950 డిసెంబరులో పాల క్యాన్లు దొరికాయి. మూడో భాగం ఒకటి పూడ్చారు. అది ఇప్పటికీ దొరకలేదు. రాహెల్ తర్వాత ఇజ్రాయెల్‌కు పోయి, చావు తప్పించుకున్న వాళ్ల చేత మాటలు చెప్పించి రాయించే పనిలోనే ఉండిపోయింది.

తల్లుల బడి

1948 మే 14న ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది. యుద్ధం వచ్చింది. అక్కడ తరాలుగా ఉంటున్న పాలస్తీనా అరబ్బులు ఏడు లక్షల మంది దాకా ఇళ్లు వదిలి శరణార్థులయ్యారు. అరబ్బు దేశాల్లో ఉన్న యూదులు లక్షలమంది తమ ఇళ్లు వదిలి ఇక్కడికి వచ్చారు. ఆ గొడవ ఇంకా తెగలేదు. రెండు వైపులా చావులు ఆగలేదు.

కొత్త దేశంలో ఏ భాష మాట్లాడాలి? పదిహేడు వందల ఏళ్లుగా ఎవరూ ఇంట్లో మాట్లాడని హీబ్రూను ఎలియెజెర్ బెన్ యెహూదా అనే ఆయన 1881 నుంచి తన ఇంట్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. సైకిలుకు, నిఘంటువుకు, ఇలా పాత భాషలో లేని వాటికి కొత్త మాటలు పుట్టాయి. అదే దేశభాష అయింది.

1949, 1950లో యెమెన్ దేశం నుంచి దాదాపు 50 వేల మంది యూదులను విమానాల్లో తెచ్చారు. వాళ్లలో చాలామంది అంతకు ముందు విమానం చూసినవాళ్లు కారు. యెమెన్ యూదుల గురించి ఒక సంగతి ప్రసిద్ధం. అక్కడ పుస్తకాలు తక్కువ. ఒక్క పుస్తకం చుట్టూ పిల్లలు నాలుగు వైపులా కూర్చునేవాళ్లు. అందుకని కొందరికి పుస్తకం తలకిందులుగా ఉంటేనే చదవడం వచ్చేది. ఇంకొందరు పక్క నుంచి చదివేవాళ్లు. అంత కష్టపడి మగపిల్లలకు నేర్పారు. ఆ పుస్తకం చుట్టూ అయిదో వైపు లేదు. ఆడపిల్లలు నీళ్లు మోశారు, పిండి విసిరారు, వెండి తీగతో బట్టల మీద పనితనం చేశారు. అక్షరం మాత్రం రాదు.

కొత్త దేశంలో వాళ్లకు ఇబ్బంది వచ్చింది. దుకాణం పేరు తెలియదు. బస్సు ఎక్కడికి పోతుందో తెలియదు. బడి నుంచి పిల్లవాడు కాగితం తెస్తే అందులో ఏముందో తెలియదు. పిల్లలు చదివి చెప్పాలి. మొరాకో నుంచి, కుర్దుల ప్రాంతం నుంచి వచ్చిన తల్లులదీ అదే పరిస్థితి. ఆ దేశంలో ఆడపిల్లలు కూడా కొంతకాలం సైన్యంలో పని చేయాలి. 1960ల్లో అటువంటి ఆడపిల్లలను తుపాకీ పని కాకుండా అక్షరం పనికి ఊళ్లకు పంపారు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు పలకరించి, తమ తల్లుల వయసున్న వాళ్లను, అమ్మమ్మల వయసున్న వాళ్లను కూర్చోబెట్టి 22 అక్షరాలు దిద్దించారు.

చేసి చూడండి

భూగోళం పటం దొరికితే ఈ ఊళ్లు వెతకండి: యెరూషలేము, కైరో, కొచ్చి, ఇస్తాంబుల్, హాంబర్గ్, వార్సా. కొచ్చి నుంచి మొదలుపెట్టి వేలితో దారి గీయండి. తర్వాత మీ అమ్మో, అమ్మమ్మో పాడే పాట ఒకటి నోటు పుస్తకంలో రాయండి. పాట పక్కన అది పాడిన ఆమె పేరు, ఊరు రాయండి. ఇవాళ్టి తేదీ వేయండి.